టెర్మినల్ ఎస్కేప్ కోడ్లు: వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో చిక్కులు, తెలుగు రాత తిప్పలు

టెర్మినల్ తెర మీద అక్షరాల రంగు మార్చడానికి, కర్సర్‌ను కోరిన చోటికి జరపడానికి, తెర తుడవడానికి ప్రోగ్రాములు మామూలు రాత మధ్యలోనే కలిపి పంపే ఆదేశాలను ఎస్కేప్ కోడ్లు అంటారు. ఆస్కీ పట్టికలో 27వ స్థానంలో ఉన్న, కంటికి కనబడని ఎస్కేప్ అక్షరంతో ఇవి మొదలవుతాయి. దాని వెనుక చదరపు బ్రాకెట్, 31, చిన్న ఎం వస్తే ఆ తర్వాతి రాత ఎర్రగా కనబడాలి. 31 బదులు 0 వస్తే మామూలు రంగుకు తిరిగి రావాలి. ఎం స్థానంలో పెద్ద హెచ్ ఉంటే అది కర్సర్‌ను జరిపే ఆదేశం, పెద్ద జె ఉంటే తెర తుడిచే ఆదేశం.

చెప్పవలసిన మాట, దాన్ని ఎలా చూపాలో చెప్పే ఆదేశం రెండూ ఒకే బైట్ల వరుసలో ప్రయాణిస్తాయి. పాతికేళ్ల నాటి సర్వర్‌కు కూడా నేటి లాప్‌టాప్ నుంచి అనుసంధానమై పనిచేయగలగడం దీనివల్లే. చిక్కులూ అక్కడే పుట్టాయి. ఆదేశాన్ని గుర్తుపట్టవలసిన పొర గుర్తుపట్టకపోతే అది చెత్త రాతగా తెర మీద పడుతుంది. రాతనే ఆదేశమని పొరబడితే ఆ రాత మాయమవుతుంది. ఇంగ్లీషు మాత్రమే వాడేవారికి ఎదురయ్యేది చాలావరకు మొదటి బాధ. తెలుగు వాడేవారికి రెండూ ఉన్నాయి.

పుట్టుక

ఎస్కేప్ అక్షరం కోసం పట్టుబట్టినవాడు ఐబీఎంలో పనిచేసిన బాబ్ బెమర్. 1960 ప్రాంతంలో ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో అక్షరాల పట్టిక ఉండేది. ఇక్కడి నుంచి వేరే పట్టిక ప్రకారం చదవాలి అని చెప్పే గుర్తుగా ఆయన దాన్ని ఊహించాడు. తెర టెర్మినళ్లు వచ్చాక తయారీదారులు ఆ గుర్తును తమతమ అవసరాలకు వాడుకున్నారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1975లో తెచ్చిన వీటీ52 కోడ్లు ఒక రకం, ఇతర కంపెనీలవి ఇంకో రకం. ఈ గందరగోళాన్ని తట్టుకోవడానికి బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ 1978లో టెర్మ్‌క్యాప్ అనే జాబితా తయారుచేశాడు. ఏ టెర్మినల్‌కు తెర తుడవాలంటే ఏ కోడ్ పంపాలో అందులో ఉంటుంది. తర్వాత మేరీ ఆన్ హార్టన్ రాసిన టెర్మిన్‌ఫో దాని స్థానంలోకి వచ్చింది. లినక్స్, మాక్ వ్యవస్థల్లో ‘టెర్మ్’ అనే వేరియబుల్ నేటికీ చెప్పేది ఈ జాబితాలోని ఒక పేరునే.

ప్రమాణం కూడా ఆ దశకంలోనే వచ్చింది. యూరప్‌లో ఎక్మా-48 (1976), అమెరికాలో ఆన్సీ ఎక్స్3.64 (1979), ఆ తర్వాత అంతర్జాతీయంగా ఐఎస్ఓ 6429. డిజిటల్ కంపెనీ 1978లో విడుదల చేసిన వీటీ100, 80 గడుల వెడల్పు, 24 వరుసల ఎత్తుతో ఈ ప్రమాణాన్ని ఇంటింటికీ చేర్చింది. పోటీదారులు దాన్నే అనుకరించారు. ఇవాళ మనం తెరిచే టెర్మినల్ కిటికీలన్నీ ఆ యంత్రానికి, దాని తర్వాతి నమూనాలకు సాఫ్ట్‌వేర్ నకళ్లే. ఆన్సీ సంస్థ తన ప్రమాణాన్ని 1997లో ఉపసంహరించుకున్నా జనం నోట ‘ఆన్సీ కోడ్లు’ అన్న పేరు పోలేదు.

మన దేశంలో ఇదే ఆలోచన మరో దారిలో నడిచింది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరిట ఖరారు చేసిన ఇస్కీలో బ్రాహ్మీ నుంచి వచ్చిన లిపులన్నిటికీ ఒకే పట్టిక. దేవనాగరి ‘క’, తెలుగు ‘క’, కన్నడ ‘క’ మూడూ 179వ స్థానంలోనే ఉంటాయి. ఏ లిపిలో చూపాలో చెప్పడానికి 239వ స్థానంలో ఏటీఆర్ అనే ప్రత్యేక గుర్తు పెట్టారు. దాని వెనుక 69 వస్తే తెలుగు, 66 వస్తే దేవనాగరి, 72 వస్తే కన్నడం. 48 వస్తే బొద్దు అక్షరాలు. పేరు వేరైనా ఇది ఎస్కేప్ కోడే. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ సాంకేతికత ఈ ఇస్కీ రాతనే తెర మీద చూపింది.

రెండు పద్ధతులను పక్కపక్కన పెడితే ఇస్కీ రూపకర్తల జాగ్రత్త కనబడుతుంది. ఆన్సీ రంగు కోడ్ ఒకసారి వేస్తే ఎవరో తీసేదాకా ఉంటుంది. ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే తెరంతా ఎర్రగానే మిగిలిపోతుంది. ఏటీఆర్ ప్రభావం తర్వాతి ఏటీఆర్ దాకా, లేదా ఆ వరుస చివరి దాకా మాత్రమే. ఇంకో సంగతి, దారిలో ఏటీఆర్ పోయినా తెలుగు మాట దేవనాగరిలో కనబడుతుంది తప్ప అర్థంలేని గుర్తులుగా మారదు. యూనికోడ్ వచ్చాక ఇస్కీ మూలనపడింది. అయినా విండోస్‌లో 57005 నంబరు కోడ్‌పేజీగా తెలుగు ఇస్కీ ఇంకా మిగిలే ఉంది.

లక్షణాన్ని బట్టి పొరను పట్టుకోవడం

ప్రోగ్రాము రాసిన బైట్లు తెర మీద బొమ్మ కావడానికి ముందు షెల్, టీమక్స్ లాంటి నడిమి పొర, ఎస్ఎస్‌హెచ్, చివరికి టెర్మినల్ ఇన్ని చేతులు మారతాయి. తప్పు ఎవరిదో తేల్చకుండా అన్నిటి సెట్టింగులూ ఒకేసారి మార్చేయడం మన ప్రయోగశాలల్లో బాగా ప్రచారంలో ఉన్న చికిత్స. దాంతో రోగం ఇంకో చోట తేలుతుంది. అసలు తెర మీద పడిన చెత్తే చాలావరకు నేరస్థుడి పేరు చెబుతుంది.

ఎడమవైపు చూపే బాణం గుర్తు, దాని పక్కన [31 కనబడితే అది విండోస్ కన్సోల్ పని. పాత ఐబీఎం పీసీ అక్షరాల పట్టికలో 27వ స్థానానికి ఎడమ బాణం బొమ్మ ఉంది. కన్సోల్ ఎస్కేప్‌ను ఆదేశంగా కాక బొమ్మగా గీసిందన్నమాట. టోపీ గుర్తు వెనుక చదరపు బ్రాకెట్ కనబడితే అది యూనిక్స్ తరహా వ్యవస్థ నియంత్రణ అక్షరాన్ని కంటికి కనబడేలా రాసి చూపడం. అక్కడ ఎస్కేప్ బైటు క్షేమంగా ఉంది, దాన్ని పాటించేవారే లేరు. వెనక్కి వాలిన గీత, 033 అంకెలు (ఎనిమిది ఆధారంగా రాసిన 27) ఉన్నవి ఉన్నట్టే కనబడితే అసలు ఎస్కేప్ పుట్టనే లేదు, షెల్ దాన్ని మామూలు రాతగా వదిలేసింది. తలకిందుల రంగులో ఇంగ్లీషు ఈఎస్‌సీ అక్షరాలు కనబడితే అది ‘లెస్’ అనే పేజర్. దానికి పెద్ద ఆర్ ఐచ్ఛికం ఇస్తే రంగులు వస్తాయి. ఏ గుర్తూ లేకుండా ఒట్టి [31 మిగిలితే దారిలో ఎవరో ఎస్కేప్ బైటును వడకట్టేశారు.

అనుమానం తీరకపోతే ప్రోగ్రాము రాసినదాన్ని ఫైలులోకి మళ్లించి ‘ఓడీ’ ఆదేశంతో బైట్లు చూడాలి. విండోస్ పవర్‌షెల్‌లో ఫార్మాట్-హెక్స్ ఆ పని చేస్తుంది. 27 ఉంటే తప్పు ఆ తర్వాతి పొరలది, లేకపోతే ప్రోగ్రాము వైపుది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఎల్ఎస్, గిట్ వంటి మర్యాదగల ప్రోగ్రాములు తాము రాస్తున్నది టెర్మినల్‌కా, ఫైలుకా అని ముందు కనుక్కుంటాయి. ఫైలుకైతే రంగులు మానేస్తాయి. అందుకని ఫైలులో ఎస్కేప్ కనబడనంత మాత్రాన టెర్మినల్‌కు కూడా పంపలేదని అనుకోకూడదు. ‘స్క్రిప్ట్’ అనే యూనిక్స్ ఆదేశం టెర్మినల్ ఉన్నట్టే నమ్మించి రికార్డు చేస్తుంది.

లినక్స్, ఇతర యూనిక్స్‌లు

ఇక్కడి ఫిర్యాదుల్లో సగం ‘టెర్మ్’ వేరియబుల్ దగ్గర మొదలవుతాయి. ఎస్ఎస్‌హెచ్ మన టెర్మినల్ పేరును అవతలి సర్వర్‌కు చేరవేస్తుంది. కిట్టీ, ఘోస్టీ లాంటి కొత్త టెర్మినళ్లు తమ సొంత పేరు చెప్పుకుంటాయి. పాత సర్వర్ టెర్మిన్‌ఫోలో ఆ పేరు ఉండదు. అప్పుడు టెర్మినల్ ఎలాంటిదో తెలియదని విమ్, టాప్ వంటివి మొరాయిస్తాయి. సరైన మందు ‘ఇన్ఫోకంప్’తో ఇవతలి వివరణ తీసి, ‘టిక్’తో అవతల ఎక్కించడం. పేరును ఎక్స్‌టెర్మ్-256కలర్ అని మార్చేయడం తాత్కాలిక ఉపశమనం, చాలాసార్లు అదీ సరిపోతుంది. టీమక్స్ లోపల మాత్రం ఆ పని చేయకూడదు. టీమక్స్ తానే ఒక టెర్మినల్. దాని లోపల టెర్మ్ విలువ స్క్రీన్ లేదా టీమక్స్‌తో మొదలవ్వాలి.

బాష్ ప్రాంప్ట్‌కు రంగులు వేసుకున్నవారికి ఒక వింత ఎదురవుతుంది. పొడవైన ఆదేశం టైపు చేస్తే అది తర్వాతి వరుసకు దిగకుండా అదే వరుస మొదటికి వచ్చి పాత రాత మీద పడుతుంది. రంగు కోడ్లకు తెర మీద వెడల్పు లేదని బాష్‌కు ఎవరూ చెప్పకపోవడం దీనికి కారణం. వాటికి ముందూ వెనుకా వాలుగీతతో కూడిన చదరపు బ్రాకెట్లు పెడితే లెక్క కుదురుతుంది. జెడ్‌షెల్‌లో అదే పనికి శాతం గుర్తు, మీసాల బ్రాకెట్లు.

‘ఎకో’ ఆదేశం ఇంకో ఉచ్చు. బాష్‌లో మైనస్ ఈ ఇస్తే ఎస్కేప్ పుడుతుంది. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్. అది ఆ మైనస్ ఈని కూడా తెర మీద ముద్రిస్తుంది. స్క్రిప్టు ఎన్ని యంత్రాల మీద నడవాలంటే అంతగా ‘ప్రింట్‌ఎఫ్’నూ, 033 రూపాన్నీ నమ్ముకోవాలి. వాలుగీత ఈ అనే పొట్టి రూపం కొన్ని చోట్లే పనిచేస్తుంది.

పైబాణం నొక్కితే పాత ఆదేశం రాకుండా టోపీ, బ్రాకెట్లు, పెద్ద ఏ తెర మీద పడటం లినక్స్‌లో ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్ వాడిన ప్రతి డేటాబేస్ ఉద్యోగికీ తెలిసిన దృశ్యం. మీటలు కూడా ఎస్కేప్ కోడ్లనే పంపుతాయి. వాటిని అర్థం చేసుకునే రీడ్‌లైన్ ఆ ప్రోగ్రాములో లేదు. ముందు ‘ఆర్ఎల్‌ర్యాప్’ చేర్చి నడిపితే బాణాలు పనిచేస్తాయి. టీమక్స్ లోపల విమ్‌లో ఎస్కేప్ మీట నొక్కాక అర సెకను ఆలస్యం అవుతుంటే దానిదీ ఈ గోత్రమే. వచ్చిన 27 ఒంటరి మీటా, లేక బాణం మీటకు మొదటి బైటా అని టీమక్స్ వేచి చూస్తోంది. దాని ఎస్కేప్-టైమ్ విలువ చాలాకాలం 500 మిల్లీసెకన్లు. పదికి తగ్గిస్తే ఇబ్బంది పోతుంది.

ప్రోగ్రాము హఠాత్తుగా చచ్చిపోయినప్పుడు అది మార్చిన స్థితులు అలాగే మిగిలిపోతాయి. టైపు చేసేది కనబడకపోతే కంట్రోల్-జె, ‘ఎస్‌టీటీవై సేన్’, మళ్లీ కంట్రోల్-జె. ఎంటర్ మీట అప్పుడు పనిచేయకపోవచ్చు, అందుకే కంట్రోల్-జె. మౌస్ కదిపితే అంకెలు కురుస్తుంటే 1000వ మోడ్, దాని తోడు మోడ్లు ఆగిపోలేదు. అతికించిన రాతకు ముందు 200, వెనుక 201 తిల్డె గుర్తుతో కనబడితే 2004వ మోడ్ మిగిలింది. బైనరీ ఫైలును పొరపాటున ‘క్యాట్’ చేశాక ఇంగ్లీషు అక్షరాలన్నీ గీతలు, మూలలుగా మారితే 14వ బైటు టెర్మినల్‌ను గీతల పట్టికలోకి తోసింది, 15వ బైటు వెనక్కి తెస్తుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోలేనివారికి ‘రీసెట్’ ఉంది.

విండోస్

డాస్ 2.0 (1983)తో పాటు ఆన్సీ డాట్ సిస్ అనే డ్రైవర్ వచ్చింది. కాన్ఫిగ్ డాట్ సిస్‌లో ఒక వరుస రాస్తే ఎస్కేప్ కోడ్లు పనిచేసేవి. విండోస్ ఎన్‌టీ కన్సోల్ ఆ దారి వదిలేసింది. రంగు మార్చాలంటే ప్రోగ్రాము నేరుగా విండోస్ ఫంక్షన్‌ను పిలవాలి. లోకమంతా బైట్ల వరుసలో ఆదేశాలు పంపుతుంటే విండోస్ ఒక్కటే ఇరవై ఏళ్లకు పైగా పక్కదారిలో నడిచింది. ఆ దారి తప్పేమీ కాదు, ఆదేశాన్నీ రాతనూ వేరుచేయడం నిజానికి శుభ్రమైన పద్ధతి. అయితే ఎస్ఎస్‌హెచ్ దాటి అవతలికి వెళ్లలేదు.

మన రాష్ట్రంలో చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థులు టర్బో సి నీలి తెర మీద సి భాష నేర్చుకున్నారు. కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్, గోటు ఎక్స్‌వై, టెక్స్ట్ కలర్ ఫంక్షన్లు వారికి కంఠతా వచ్చు. బోర్లాండ్ వారి ఆ లైబ్రరీ మామూలుగా వీడియో మెమరీలోకే నేరుగా రాసేది, ఎస్కేప్ కోడ్లతో దానికి పనిలేదు. ఆ ప్రోగ్రామును లినక్స్‌లో జీసీసీకి ఇస్తే హెడరే లేదంటుంది. ఒక్కో ఫంక్షన్ బదులు ఒక ఎస్కేప్ కోడ్ ముద్రించి నెట్టుకురావచ్చు. కాస్త పెద్ద ప్రోగ్రామైతే ఎన్‌కర్సెస్ నేర్చుకోవడమే మేలు.

2015 నవంబరులో విడుదలైన విండోస్ 10 కూర్పుతో కన్సోల్ మళ్లీ ఎస్కేప్ కోడ్ల బాట పట్టింది. 2016 నుంచి మాత్రం ప్రోగ్రాము తానే అడిగి ఆ సౌకర్యాన్ని తెరిపించుకోవాలి. కన్సోల్ మోడ్‌లో వర్చువల్ టెర్మినల్ ప్రాసెసింగ్ అనే బిట్ (విలువ 4) పెట్టాలి. ఒకే ప్రోగ్రాము ఒక యంత్రంలో రంగులు చూపి ఇంకో యంత్రంలో ఎడమ బాణాలు చూపడానికి ఇదే మూలం. పైథాన్‌లో కలరామా లైబ్రరీ ఈ తేడాను కప్పిపుచ్చుతుంది. పవర్‌షెల్ 5.1లో ఎస్కేప్‌కు పొట్టి రూపం లేదు, 27ను క్యారెక్టర్‌గా మార్చి వాడాలి. 6 నుంచి బ్యాక్‌టిక్ ఈ పనిచేస్తుంది.

2018 చివర్లో వచ్చిన కాన్‌పీటీవై వల్ల విండోస్‌కు కూడా యూనిక్స్ తరహా నకిలీ టెర్మినల్ దొరికింది. అంతకుముందు గిట్ బాష్ వారి మిన్‌టీటీలో విండోస్ ప్రోగ్రాములు తమ ముందున్నది టెర్మినల్ కాదు, ఒట్టి పైపు అనుకునేవి. రంగులు ఆపేసేవి, పైథాన్ ప్రాంప్ట్ కూడా కనబడేది కాదు. 2020 మేలో 1.0 కూర్పుగా వచ్చిన విండోస్ టెర్మినల్‌తో ఈ గొడవలు చాలావరకు తగ్గాయి. పాత కన్సోల్ కిటికీలో తెలుగు చూడాలనుకోవడం వృథా శ్రమ. కోడ్‌పేజీని 65001కి మార్చినా డబ్బాలే వస్తాయి. కన్సోలాస్, లుసిడా కన్సోల్ ఫాంట్లలో తెలుగు లేదు, వేరే ఫాంట్ నుంచి తెచ్చుకునే తెలివి ఆ కన్సోల్‌కు లేదు. విండోస్ టెర్మినల్ నిర్మల ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది.

మాక్

మాక్ లోపల యూనిక్సే గనుక లినక్స్ గురించి చెప్పినవి చాలావరకు వర్తిస్తాయి. తేడా వచ్చేది పాతబడిన పనిముట్లతో. దాని బాష్ 3.2 దగ్గరే ఆగింది, 2019 నుంచి కొత్త ఖాతాలకు జెడ్‌షెల్ ఇస్తున్నారు. దాని ‘సెడ్’ లినక్స్ సెడ్‌లా ఎస్కేప్ బైటు పొట్టి రూపాన్ని గుర్తించదు. ఆపిల్ సొంత టెర్మినల్ చాలాకాలం 256 రంగుల దగ్గరే ఉండిపోయింది. 24 బిట్ల రంగు కోడ్ 38;2 వెనుక ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు తీసుకుంటుంది. తెలియని టెర్మినల్ ఆ అంకెలను విడివిడి ఆదేశాలుగా చదివితే, ఆకుపచ్చ విలువ 5 అయినప్పుడు రాత మినుకుమినుకుమంటుంది. ప్రోగ్రాముకు దోషం అంటగట్టే ముందు కలర్‌టెర్మ్ వేరియబుల్‌లో ట్రూకలర్ అని ఎవరు పెట్టారో చూడాలి.

కాటా చీటీ మీద ఎస్కేప్

ఎస్కేప్ కోడ్లు టెర్మినల్‌కే పరిమితం కాలేదు. పత్తి, మిర్చి లోడ్లను తూచే వే బ్రిడ్జిల దగ్గర చప్పుడు చేసుకుంటూ చీటీ కొట్టే డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు కూడా వీటితోనే నడుస్తాయి. చాలావాటిది ఎప్సన్ వారి ఈఎస్‌సీ/పీ భాష. ఎస్కేప్ వెనుక అట్ గుర్తు వస్తే ప్రింటర్ మొదటి స్థితికి వస్తుంది, 15వ బైటు వస్తే అక్షరాలు ఇరుకుగా పడతాయి, 18 వస్తే ఆ ఇరుకు పోతుంది. డాస్‌లో రాసిన తూకం ప్రోగ్రాము ఈ బైట్లను నేరుగా ప్రింటర్‌కు పంపేది. విండోస్‌లో మధ్యన డ్రైవర్ కూర్చుని వాటిని కూడా ముద్రించవలసిన అక్షరాలే అనుకోవచ్చు. జెనరిక్/టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ పెట్టడం లేదా రా మోడ్‌లో పంపడం దీనికి విరుగుడు. దుకాణాల్లో బిల్లు కొట్టే చిన్న థర్మల్ ప్రింటర్ల ఈఎస్‌సీ/పీఓఎస్ కూడా ఆ వంశానిదే. వాటిలో మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు కాబట్టి తెలుగు బిల్లును బొమ్మగా మార్చి పంపుతారు.

భద్రత

ఆన్సీ డాట్ సిస్ కాలంలో ఒక టెక్స్ట్ ఫైలును తెరిచి చూసినంత మాత్రాన మీటల అర్థం మారిపోయేది. ఒక మీటకు ఫైళ్లు చెరిపే ఆదేశం తగిలించిన కొంటె ఫైళ్లను ఆన్సీ బాంబులు అనేవారు. కొన్ని టెర్మినళ్లు కిటికీ శీర్షికను తిరిగి టైపు చేసినట్టుగా పంపేవి. శీర్షికలో ఆదేశం దాచితే అది షెల్‌లోకి చేరేది. 2003లో హెచ్.డి. మూర్ ఇలాంటి లోపాలను వరుసగా చూపించాక చాలా టెర్మినళ్లు ఆ జవాబులను ఆపేశాయి. బయటివారు రాసిన లాగ్ ఫైలును క్యాట్‌తో కాక లెస్‌తో చూడటం ఇప్పటికీ మంచిదే.

తెలుగు రాత దగ్గర

టెర్మినల్ లోకాన్ని గడులుగా చూస్తుంది. ఒక అక్షరం ఒక గడి, చైనా, జపాన్ అక్షరాలైతే రెండు. కర్సర్‌ను జరిపే ఎస్కేప్ కోడ్లన్నీ ఈ గడుల లెక్కతోనే నడుస్తాయి. తెలుగు ఈ చట్రంలో ఇమడదు.

ప్రకాశం జిల్లా దర్శి పేరునే తీసుకుందాం. చదివేవారికి ‘ద’, ‘ర్శి’ అని రెండే అక్షరాలు. యూనికోడ్‌కు ద, ర, పొల్లు, శ, గుడి అని 5 కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో 15 బైట్లు. పొల్లుకూ గుడికీ వెడల్పు లేదు గనుక టెర్మినల్‌కు 3 గడులు. సి భాష ప్రింట్‌ఎఫ్ వెడల్పు సర్దేటప్పుడు బైట్లు లెక్కిస్తుంది, పైథాన్ కోడ్ పాయింట్లు లెక్కిస్తుంది, టెర్మినల్ గడులు లెక్కిస్తుంది, ఫాంట్ తన ఇష్టం వచ్చినంత వెడల్పున గీస్తుంది. నాలుగు లెక్కలు, నాలుగు జవాబులు. మండలం పేరు ఒక నిలువు వరుసలో, పంట ధర మరో నిలువు వరుసలో వచ్చేలా పట్టిక ముద్రించబోతే గీతలు వంకరపోవడం ఇందుకే. లినక్స్‌లో ‘డబ్ల్యూసీ’ ఆదేశానికి సి, ఎం, పెద్ద ఎల్ ఐచ్ఛికాలు ఇచ్చి మొదటి మూడు లెక్కలను ఎవరైనా పరీక్షించుకోవచ్చు.

గడుల లెక్కలోనూ ఏకాభిప్రాయం లేదు. మార్కస్ కూన్ రాసిన ప్రసిద్ధమైన డబ్ల్యూసీవిడ్త్ పట్టికలో గుడికి వెడల్పు సున్న, కొమ్ముకు ఒక గడి. యూనికోడ్ వర్గీకరణలో గుడి చోటు తీసుకోని చిహ్నం, కొమ్ము చోటు తీసుకునే చిహ్నం కావడమే ఇందుకు ఆధారం. దాని ప్రకారం ‘కి’ ఒక గడి, ‘కు’ రెండు గడులు. మూడక్షరాల ‘గుంటూరు’ ఏడు గడులు ఆక్రమిస్తుంది. పైథాన్ డబ్ల్యూసీవిడ్త్ లైబ్రరీ 2023లో కొమ్ము వెడల్పును కూడా సున్న చేసింది. ఇప్పుడు ప్రోగ్రాము ఒక లెక్క, టెర్మినల్ ఇంకో లెక్క వేసుకుని కర్సర్ ఎక్కడుందో చెరో మాట చెప్పుకునే అవకాశం ఉంది.

వెనక్కి చెరిపేటప్పుడు ఇది ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. లినక్స్‌లో ‘క్యాట్’ నడుస్తుండగా దర్శి అని టైపు చేసి బ్యాక్‌స్పేస్ ఐదుసార్లు నొక్కండి. కెర్నెల్ ఒక్కో కోడ్ పాయింటుకు ఒక్కో గడి వెనక్కి జరుపుతుంది. ఉన్నవి మూడు గడులు, జరిగేవి అయిదు. ముందు ఏదైనా రాత ఉంటే అందులో రెండు గడులు తెర మీద చెరిగిపోతాయి, బఫర్‌లో మాత్రం చెక్కుచెదరవు. ఐయూటీఎఫ్8 అనే అమరిక లేకపోతే పరిస్థితి ఇంకా అధ్వానం, ఒక్క బ్యాక్‌స్పేస్‌కు ఒక్క బైటే పోయి విరిగిన అక్షరం మిగులుతుంది.

అసలైన ప్రమాదం యూటీఎఫ్-8 తెలియని టెర్మినల్‌తో. ఆస్కీలో 0 నుంచి 31 దాకా ఉన్న నియంత్రణ అక్షరాలకు తోడుగా 8 బిట్ల పట్టికల్లో 128 నుంచి 159 దాకా మరో 32 కేటాయించారు. వీటిని సి1 అంటారు. ఎస్కేప్, చదరపు బ్రాకెట్ కలిసి చేసే పనిని 155 ఒక్కటే చేస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 మధ్య. మూడో బైటు సి1 పరిధిలో పడే అక్షరాలు మన అచ్చుల్లో, హల్లుల్లో చాలా ఉన్నాయి. ‘ఛ’ మూడో బైటు సాక్షాత్తూ 155. ‘అ’ది 133, కొత్త వరుసకు దిగమనే ఆదేశం. పొల్లుది 141, కర్సర్‌ను ఒక వరుస పైకి ఎక్కించేది. ‘ట’ది 159, ఇక్కడి నుంచి వచ్చేదాన్ని చూపకుండా మింగమనేది. ఆ మింగడం ఆగాలంటే 156 రావాలి, అది ‘జ’ మూడో బైటు.

కాబట్టి లాటిన్-1 అమరికలో ఉన్న ఎక్స్‌టెర్మ్‌లో దర్శి అని ముద్రిస్తే ‘దర’ చెత్త గుర్తులుగా పడి, పొల్లు దగ్గర కర్సర్ పై వరుసకు ఎగబాకి, ‘శి’ అక్కడున్న రాత మీద పడుతుంది. గుంటూరు అయితే ‘ట’ దగ్గర మాయమవుతుంది, వెనుక వచ్చే రాత కూడా కనబడకపోవచ్చు. సర్వర్ ఆగిపోయిందనుకుని కిటికీ మూసేయడం తప్ప చూసేవారికి మరో దారి తోచదు. గ్నూ స్క్రీన్‌లో కూడా సి1 పాటించే అమరిక మామూలుగా తెరిచే ఉంటుంది, పెద్ద యూ ఐచ్ఛికంతో మొదలుపెడితే యూటీఎఫ్-8గా చదువుతుంది. నడుస్తున్న టెర్మినల్‌ను మార్చాలంటే ఎస్కేప్, శాతం గుర్తు, పెద్ద జి పంపాలి. పాత పుట్టీ సెషన్లలో ట్రాన్స్‌లేషన్ అమరిక యూటీఎఫ్-8 అయిందో లేదో చూడటం మొదటి పని.

టెర్మినల్ సరిగ్గా ఉన్నా సర్వర్ లొకేల్ ఒట్టి ‘సి’ అయితే ఎల్ఎస్ దర్శి అనే ఫైలు పేరును 340, 260, 246 అంటూ ఎనిమిది ఆధారపు అంకెల్లో చూపుతుంది. ఏదైనా యూటీఎఫ్-8 లొకేల్ పెడితే చాలు, తెలుగు లొకేలే కానక్కర్లేదు. గిట్ స్టేటస్‌లో మాత్రం లొకేల్ బాగున్నా ఈ అంకెలే వస్తాయి, కోర్ డాట్ కోట్‌పాత్‌ను ఫాల్స్ చేయాలి. గ్రాఫిక్స్ లేని లినక్స్ కన్సోల్‌లో ఈ మందులేవీ పనిచేయవు. దాని ఫాంట్‌లో 512 బొమ్మలకే చోటు, ఒత్తులను కూర్చే యంత్రాంగం లేదు.

ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చి చూపడంలో జపాన్‌లో పుట్టిన ఎంఎల్‌టెర్మ్ ముందునుంచీ శ్రద్ధ చూపింది, ఇస్కీని కూడా అర్థం చేసుకుంటుంది. కేడీఈ వారి కాన్సోల్, ఆపిల్ టెర్మినల్ కొంతవరకు నయం. అక్షరాన్ని ముక్కలుగా కాక కూడిన రూపంగా లెక్కించాలని టెర్మినల్‌ను కోరే 2027వ మోడ్‌ను కాంటూర్ వంటి కొత్త టెర్మినళ్లు తెచ్చాయి. విండోస్ టెర్మినల్ 1.22 కూడా ఆ లెక్కలోకి మారింది. ప్రోగ్రాము, షెల్, టీమక్స్, టెర్మినల్ నాలుగూ ఒకే పట్టిక వాడేదాకా తెలుగు పట్టికల గీతలు అన్ని యంత్రాల్లో ఒకేలా నిలబడవు. ఈలోపు టెర్మినల్ కోసం ప్రోగ్రాము రాసేవారు తెలుగు నిలువు వరుసను చివర పెట్టుకోవడం, అంకెలను దానికి ముందే ముద్రించడం మంచిది. అప్పుడు తెలుగు వెడల్పు ఎంతయినా దాని వెనుక చెదరడానికి ఏమీ మిగలదు.